అవ్వ దవాఖాన ఫైలు

నేను అట్ట ఫైలును. బాసరలో, గోదారి ఘాట్‌కు పోయే బాటలో ఒక రేకుల ఇంట్లో, పాలిథిన్ సంచిలో గోడ మేకుకు వేలాడుతుంటాను. పక్క మేకుకు బీడీల చాట ఉంటుంది. నేను కిందికి దిగిన రోజు ఆ చాట దిగదు. ఆ రోజు కూలి లేనట్టే.

నేను పుట్టింది హైదరాబాద్‌లో ఒక దవాఖాన ఓపీ కౌంటర్‌లో. కడుపుబ్బరాన్ని గ్యాసనుకొని నెలల తరబడి గోలీలు మింగి, ఆఖరుకు అవ్వ అక్కడికి చేరింది. అండాశయ క్యాన్సర్ తరచూ ఇట్లాగే మామూలు కడుపుబ్బరంలా మొదలవుతుంది. చాలామందిలో అది ముదిరాకే బయటపడుతుంది. ఆపరేషన్ చేశారు. కీమో మందులు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కలిపి ఆరు విడతలు ఎక్కించారు. ఆరోగ్యశ్రీ కాగితాలతో నేను లావెక్కాను. సరస్వతమ్మ గుడిలో అక్షరాభ్యాసం చేయించుకున్న మనవరాలే నన్ను చదివి అవ్వకు చెప్పేది.

ఏడాదిన్నరకు, రక్తంలో ఈ రోగం జాడ చెప్పే సీఏ-125 మళ్లీ పెరిగింది. కీమో ముగిసిన ఆరు నెలల తర్వాత రోగం తిరగబెడితే కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందుకు మళ్లీ లొంగే ఆశ ఎక్కువ. అంతకు ముందే వస్తే ఆశ తక్కువ. ఏదైనా, తిరగబెట్టినదాన్ని పూర్తిగా పోగొట్టడం అరుదు. బతికే కాలాన్ని పెంచవచ్చు, కడుపులో నీరు చేరకుండా, నొప్పి రాకుండా చూడవచ్చు. అందుకే ఆ పెరిగిన కాలంలో మనిషి ఎట్లా ఉంటుందన్నది చిన్న ప్రశ్న కాదు.

"డెబ్బై రెండేండ్లు మేడం. గీ వయసుల మళ్ల సూదులెందుకు?" అన్నాడు కొడుకు. ప్రేమతోనే అన్నాడు.

డాక్టరమ్మ నన్ను మూసి పక్కన పెట్టి మాట్లాడింది. ఈడబ్ల్యూఓసీ-1 అనే మందుల పరీక్షలో, 70 ఏళ్లు, ఆపైన వయసుండి ఒళ్లు బలహీనంగా ఉన్న 120 మంది కొత్త అండాశయ క్యాన్సర్ రోగులను తీసుకున్నారు. పెద్దవాళ్లు కదా, తేలికగా ఉంటుందని కొందరికి కార్బోప్లాటిన్ ఒక్కటే ఇచ్చారు. రెండు మందులు అందినవాళ్ల కంటే వాళ్లు తక్కువ కాలం బతికారు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2021లో వచ్చిన ఫలితం అది. తిరగబెట్టినవాళ్ల మీద చేసింది కాకపోయినా, జాలిపడి మందు తగ్గిస్తే మేలు చేసినట్టు కాదని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత ఆమె అవ్వను వయసు అడగలేదు. స్నానం ఎవరు చేయిస్తున్నారు, వంట ఎవరిది, ఈ మధ్య కింద పడ్డావా, రోజూ ఎన్ని గోలీలు మింగుతావు అని అడిగింది. రక్తంలో ఆల్బుమిన్ చూసింది. క్రియాటినిన్ తక్కువగా ఉందని జూనియర్ సంతోషపడితే ఆపింది. కండ లేని ఒంట్లో ఆ అంకె తరచూ తక్కువే ఉంటుంది, కిడ్నీలు బాగున్నాయని దానర్థం కాదు. కార్బోప్లాటిన్ మోతాదును 1989 నాటి కాల్వర్ట్ సూత్రంతో, కిడ్నీ వడపోతను బట్టి కడతారు. అక్కడ పొరపడితే నలభై కిలోల మనిషికి మందు ఎక్కువైపోతుంది.

నా పాత పుటల్లో ప్రతి విడత కింద "ఇబ్బందులు లేవు" అనే ఉంది. ఎవరడిగినా అవ్వ "మంచిగనే ఉన్న బిడ్డా" అనేది, అదే నాలోకి ఎక్కేది. డాక్టరమ్మ వేరే దారిలో వచ్చింది.

"రవిక హుక్కులు ఎవరు పెడుతున్నరు అవ్వా?"

అవ్వ మాట్లాడలేదు. "నేనే పెడుతున్న" అంది మనవరాలు.

అప్పుడు కథంతా బయటికొచ్చింది. వేళ్ల కొసల్లో తిమ్మిరి. తునికాకు కత్తిరించేటప్పుడు కత్తెర జారుతోంది. తంబాకు పోసి చుట్టాక దారం ముడి పడిందో లేదో వేలికి తెలియడం లేదు. కార్ఖానాలో బీడీలు ఏరి పారేస్తున్నారు. పాక్లిటాక్సెల్ నరాలకు చేసిన పని అది. వెయ్యి బీడీల లెక్కన కూలి దొరికే మనిషికి అది చిన్న ఇబ్బంది ఎట్లవుతుంది? నాలో అచ్చయిన పట్టికలో మాత్రం బీడీల మాటకు గడే లేదు.

ఈసారి మందు మార్చారు. కార్బోప్లాటిన్‌తో లైపోసోమల్ డాక్సోరుబిసిన్. కాలిప్సో పరీక్షలో రోగం తిరగబెట్టిన 976 మంది ఉంటే, వాళ్లలో 70 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు 157 మంది. ఆ పెద్దవాళ్లలో పాత జంట కంటే ఈ జంటతో తిమ్మిర్లు, జుట్టు రాలడం తగ్గాయి. అయితే అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండటం ఎక్కువ. వేడినీళ్లలో చేతులు పెట్టొద్దని, రోజూ క్రీము రాయాలని, మండితే ఫోన్ చేయాలని మనవరాలికి చెప్పి పంపారు.

ఇంకో మాట కూడా చెప్పారు. కార్బోప్లాటిన్ తొలి విడతల్లో ఏమీ చేయకపోయినా, ఒంట్లోకి పదేపదే ఎక్కాక ఏడో విడతకో ఎనిమిదో విడతకో అలర్జీ తేవచ్చు. అరచేయి దురద పెట్టినా దాచొద్దన్నారు.

పాత ఆరింటితో కలిపి ఎనిమిదోది ఎక్కుతుండగా అవ్వ చేతులు రుద్దుకుంది. నేను ఆమె తలగడ పక్కనే ఉన్నాను. "ఏం లేదు" అంటుందనుకున్నాను. "సిస్టరమ్మా, అరచేతులు గుంజుతున్నయ్, దురద పెడుతున్నయ్" అని గట్టిగానే పిలిచింది. సిస్టర్ పరుగున వచ్చి డ్రిప్ ఆపింది, బీపీ చూసింది, ఇంజెక్షన్లు ఇచ్చింది. సాయంత్రానికి దురద తగ్గిపోయింది.

వచ్చే విడతలో మందును బాగా పలచన చేసి, గంటల తరబడి మెల్లమెల్లగా పెంచుతూ ఎక్కిస్తారట. రాత్రి కూడా అక్కడే ఉండాల్సి రావచ్చు. మనవరాలు కాలేజీకి సెలవు చెప్పింది, బాసర స్టేషన్‌లో టికెట్లు కూడా తీసుకుంది.