కంట్రాక్టరుగారి సంతకము

నన్ను చూచినవారెల్లరు పెన్‌డ్రైవని భ్రమింతురు. నా గర్భమున పాటలును లేవు, ఫోటోలును లేవు. ఒక రహస్యసంఖ్య, దానికి తోడుగ ఒక ధ్రువపత్రము, రెండింటిని కాచు చిన్న చిప్పు మాత్రమే కలవు. విజయవాడ గవర్నరుపేటలో, కాలువపనుల కంట్రాక్టరుగారి బల్లసొరుగు నా నివాసము.

1977లో అమెరికాదేశమున రివెస్టు, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు కనుగొనిన గణితమే నాకు మూలము. రెండు మహాప్రధానసంఖ్యలను గుణించుట క్షణమాత్రపు పనియే గాని, ఆ లబ్ధమునుండి వానిని మరల విడదీయుట అసాధ్యప్రాయము. నాలోని లబ్ధము వ్రాసిచూపినచో 617 అంకెలు పట్టును. టెండరు పత్రమంతయు నాయొద్దకు రాదు. దాని సారముగ తీసిన 256 బిట్ల ముద్ర రాగా, దానిపై లోలోపలనే సంతకము చేసి పంపుదునే తప్ప, రహస్యసంఖ్యను మాత్రము గడప దాటనీయను. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఈ సంతకమునకు సిరాసంతకముతో సమానమగు ప్రతిపత్తి నొసగెను.

టెండరు పెట్టెలున్న కాలమున, పోటీదారుల మనుష్యులు కార్యాలయపు మెట్లకడనే కాచియుండి కవర్లు లాగికొనుటయు, కంట్రాక్టర్లు రింగు కట్టి అంచనాకు మించి ఎక్సెస్సుకు వేయుటయు కలదు. 2003లో రాష్ట్రప్రభుత్వము ఈ-ప్రొక్యూర్‌మెంటు ప్రారంభించిన పిమ్మట మెట్లకడ కాపు తప్పినది. రింగు సైతము తప్పినదని ప్రమాణము చేయజాలను.

వేసవిలో కాలువలు కట్టివేయగనే బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో పూడికతీతకును గుర్రపుడెక్క తొలగింపునకును టెండర్లు పడును. ధరావతు చెల్లించుట మొదలు అంచనాకు తగ్గించు లెస్సు శాతము నింపుటవరకు సమస్తమును గుమాస్తా చేతిమీదుగనే నడచుటచేత, నా వీపున తెల్లకాగితపు ముక్క యొకటి అంటించి దానిపై నీలిసిరాతో నన్ను తెరచు పిన్ను వ్రాసిరి. తప్పు పిన్ను పలుమారులు కొట్టినచో బిగిసికొందును గాని, ఒప్పు పిన్ను కొట్టినవాడెవడైనను నాకు యజమానియే.

ఇట్లుండ, కంట్రాక్టరుగారి కార్యాలయపు ఇంటర్నెట్టు భద్రతను పరీక్షించుటకు కుదుర్చుకొనిన యువ ఇంజనీరొకడు వచ్చి, కంప్యూటర్లన్నియు శోధించి, తుదకు నన్ను తిరగవేసి చూచెను.

"ఈ నంబరు ఎవరు రాశారు బాబాయిగారూ?"

"మా గుమాస్తానేనయ్యా. ఉయ్యూరు పిల్లాడు, చిన్నప్పట్నుంచీ ఎరుగుదును."

"మంచివాడేనండీ. కానీ రేపు లెస్ పదికి బదులు ఇరవై అని పడితే, వేసింది మీరేనంటారు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఈ కీ జాగ్రత్త మీదే."

అతడు కాగితపు ముక్కను గోటితో గీకివేసి, పిన్ను మార్పించి, టెండర్లకు వేరొక కంప్యూటరు కేటాయింపవలెననియు, నేను పోయినచో తక్షణమే ధ్రువపత్రమును రద్దు చేయింపవలెననియు నివేదిక వ్రాసియిచ్చెను. కంట్రాక్టరుగారు అన్నింటికిని తలయూపిరి.

ఆ వారముననే, ఒక టెండరు గడువు ముగియ అరగంట యుండగా, గుడివాడలో పెండ్లివిందున కూర్చున్న కంట్రాక్టరుగారు కొత్త పిన్నును ఫోనులో చెప్పిరి. పని మాకే దక్కెను. ఇంజనీరుగారికీయవలసిన రుసుములో సగము ఇంకను బాకీ.