మూడో అవతారం నాది

నన్ను చూడగానే అందరూ అడిగేది నా వయసు. చెప్పడం కాస్త చిక్కే. డ్యూరాండ్ ఫుట్‌బాల్ పోటీ పుట్టింది 1888లో. ఇప్పుడు మీరు చూస్తున్న నేను ఆ తర్వాత పదేళ్లు దాటాక వచ్చాను. నాకు ముందు ఇద్దరు అన్నలుండేవారు. వరుసగా మూడేళ్లు గెలిచిన జట్టు కప్పును ఇక సొంతం చేసుకోవచ్చని ఆ రోజుల్లో నియమం. 1893, 94, 95 సంవత్సరాల్లో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ గెలిచి పెద్దన్నను పట్టుకుపోయింది. 1897 నుంచి 99 దాకా బ్లాక్ వాచ్ పటాలం గెలిచి చిన్నన్ననూ తీసుకుపోయింది. ఇలా అయితే కప్పులు కొనలేక చస్తామని అనుకున్నారో ఏమో, నా విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డారు. నేను ఎవరికీ శాశ్వతంగా దక్కను. గెలిచినవాళ్ల దగ్గర కొన్నాళ్లు కాపురం చేసి, మళ్లీ పోటీ వేళకు పండక్కి వచ్చే ఆడపడుచులా తిరిగి వస్తాను.

నాకు పేరిచ్చిన సర్ మోర్టిమర్ డ్యూరాండ్ బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శి. ఆటలు ఆడితే ఒళ్లూ మనసూ బాగుంటాయని నమ్మిన మనిషి. అయితే లోకం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది నా వల్ల కాదు. 1893లో అఫ్గాన్ అమీర్‌తో ఒప్పందం చేసుకుని ఆయన గీయించిన సరిహద్దు రేఖ వల్ల. ఆ గీత మీద గొడవ నేటికీ ఆగలేదు. నా కోసం జరిగే గొడవ తొంభై నిమిషాల్లోనో, మహా అయితే పెనాల్టీ షూటౌట్‌తోనో తీరిపోతుంది. ఆయన చేసిన రెండు పనుల్లో ఏది మెరుగో నేను చెప్పకూడదు గానీ, నా అభిప్రాయం మీకు అర్థమయ్యే ఉంటుంది.

మొదటి పోటీ సిమ్లాలో జరిగింది. ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యుజిలియర్స్ పటాలం 2-1 తేడాతో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని ఓడించింది. చుట్టూ దేవదారు చెట్లు, నడుమ అనండేల్ మైదానం, ఆడేవాళ్లంతా తెల్ల సిపాయిలు. ఓడితే సామాను సర్దుకుని కొండ దిగడమే, ఇంకో అవకాశం ఉండదు. ఆ కాఠిన్యమే నాకు ఇష్టం. యాభై ఏళ్ల పైచిలుకు ఈ పోటీలో గెలిచినవన్నీ బ్రిటిష్ పటాలాలే. 1914లో యుద్ధం మొదలయ్యాక పోటీ ఆగింది, 1920లోగానీ మళ్లీ జరగలేదు. ఒకప్పుడు మా కోసం సిమ్లాలో బంతి తన్నిన పటాలాలు ఆ ఏళ్లలో ఫ్రాన్స్ బురదలో ఉన్నాయి.

1940లో పోటీ ఢిల్లీకి దిగింది. ఆ ఏడాది ఫైనల్లో కలకత్తా నుంచి వచ్చిన మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. నన్ను ఎత్తిన మొదటి భారతీయ జట్టు అదే. పాలించేవాళ్ల కప్పు పాలితుల చేతిలోకి వచ్చిన ఆ సాయంత్రం స్టేడియంలో చెలరేగిన హోరు నాకు బాగా నచ్చింది. అప్పటిదాకా నా చుట్టూ మోగినవి బ్యాండు మేళాలూ, మర్యాదపూర్వకమైన చప్పట్లూ మాత్రమే.

ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. అప్పటికే మొదలైన రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది, దాని వెనకే దేశ విభజన. బల్లలూ కుర్చీలూ ఫైళ్లూ పంచుకుంటున్న రోజుల్లో కప్పులనూ పంచుకోవాలి కదా. నన్ను సరిహద్దు దాటించే ఆలోచనా సాగింది. చివరికి సైన్యాధిపతి ఔకిన్‌లెక్ నన్ను రక్షణ శాఖ కార్యదర్శి హెచ్.ఎం.పటేల్‌కు అప్పగించాడు. నన్ను బ్యాంకు లాకర్లో పెట్టి తాళం వేశారు. ఫుట్‌బాల్ కప్పుకు బ్యాంకు ఎంత విసుగో చెప్పలేను.

1950లో తాళం తీశారు. తీశాక నన్ను మొట్టమొదట గెలుచుకున్నది ఎవరనుకున్నారు? కలకత్తా జట్లు కావు. హైదరాబాద్ సిటీ పోలీస్!

ఇక్కడ కాసేపు ఆగుతాను, మన్నించండి. మోహన్ బగాన్‌ను ఓడించి నన్ను ఎత్తిన ఆ జట్టుకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. పోలీసు కాదు, బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని, హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పినవాడు. అందరూ రహీం సాబ్ అనేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి పోటీలు ఆడించేవాడు. బలహీనమైన కాలితోనే తన్నాలని మరో పోటీ. బంతిని కాళ్ల దగ్గర దాచుకుని గొప్పలు పోయే ఆట ఆయనకు గిట్టదు. అందాలి, ఇవ్వాలి, కదలాలి. మన దేశంలో అంతవరకూ మనిషి మనిషిగా ఆడేవారు, ఆయన జట్టుగా ఆడటం నేర్పాడు. అదే 1950 నుంచి 54 దాకా సిటీ పోలీస్ బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదేళ్లు గెలిచింది. రోవర్స్ నాకు దాయాది లాంటిది, దాని భాగ్యం చూసి కాస్త అసూయపడ్డానని ఒప్పుకుంటాను.

నా దగ్గరికి ఆ జట్టు 1954లోనూ వచ్చింది, 1957లోనూ వచ్చింది. 57 ఫైనల్లో ఓడింది ఈస్ట్ బెంగాల్. అంతకు ముందు ఏడాది అదే ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడి వెళ్లినవాళ్లు లెక్క సరిచేశారన్నమాట. 1961లో మళ్లీ గెలిచేసరికి రాష్ట్రం మారింది, జట్టు పేరు మారింది: ఆంధ్రప్రదేశ్ పోలీస్. ఓడింది మాత్రం పాత మోహన్ బగానే. ఈ మధ్యలో రహీం దేశపు జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చాడు. జకార్తా నాటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు. ఆ ఏడాది ఆంధ్ర పోలీసు జట్టు నా కోసం ఫైనల్ దాకా వచ్చి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. మళ్లీ ఆ జట్టును ఫైనల్లో నేను చూడలేదు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం లాంటి ఆటగాళ్లు అప్పటికే కలకత్తా చేరారు. డబ్బూ, జనమూ, పేరూ అక్కడే ఉన్నప్పుడు ఎవర్ని తప్పుపట్టగలం? 1960లో నన్ను మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఉమ్మడిగా గెలిచాయి. ఒక కప్పు, రెండు ఇళ్లు! 1982లో మళ్లీ అదే తంతు. మధ్యమధ్య గూర్ఖా బ్రిగేడ్, సరిహద్దు భద్రతా దళం, పంజాబు నుంచి జేసీటీ వచ్చి నన్ను ఎత్తుకుపోయేవి. 1997లో కొచ్చి నుంచి వచ్చిన కొత్త క్లబ్బు మోహన్ బగాన్‌ను 3-1తో చిత్తు చేస్తే కేరళ ఊగిపోయింది.

నాకు తోడుగా మరో రెండు ట్రోఫీలున్నాయని చెప్పడం మరిచాను. సిమ్లా పౌరులు ఇచ్చినది ఒకటి, 1956లో డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదలుపెట్టిన రాష్ట్రపతి కప్పు రెండోది. గెలిచిన కెప్టెన్ మూడింటినీ పట్టలేక తంటాలు పడతాడు. రాష్ట్రపతి కప్పు మాత్రం గెలిచిన జట్టుకే ఉండిపోతుంది, అంటే మా అన్నల అదృష్టం దానికి దక్కింది.

ఢిల్లీ చివరి రోజుల గురించి ఎక్కువ చెప్పను. అంబేడ్కర్ స్టేడియంలో కుర్చీలు ఖాళీగా ఉండేవి. 2016లో ఆర్మీ గ్రీన్ గెలిచాక రెండేళ్లు పోటీయే లేదు. 2019లో సైన్యం నన్ను కోల్‌కతాకు తరలించింది. గోకులం కేరళ గెలిచింది. స్టేడియాలు నిండాయి, నాకు ప్రాణం లేచి వచ్చింది.

2022లో బెంగళూరు జట్టు గెలిచినప్పుడు కెప్టెన్ సునీల్ ఛేత్రి నా కోసం ముందుకొచ్చాడు. అన్నీ గెలిచిన ఆ మనిషికి నేనొక్కదాన్నే బాకీ. ఇంతలో వేదిక మీది ఒక పెద్దమనిషి ఫొటోలో తాను సరిగ్గా పడాలని అతన్ని చేత్తో పక్కకు తోశాడు. దేశమంతా ఆ వీడియో చూసి మండిపడింది. పదవులు ఎందరికో వస్తాయి, నన్ను ఎత్తడానికి మాత్రం ఆడి గెలవాలి.

2023లో మోహన్ బగాన్ ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి పదిహేడోసారి నన్ను తీసుకెళ్లింది, ఈస్ట్ బెంగాల్‌వి పదహారు. ఆ తర్వాత రెండేళ్లూ గువాహటి నుంచి వచ్చిన నార్త్‌ఈస్ట్ యునైటెడ్ గెలిచింది. ఈశాన్యం పిల్లలు బూట్లు కట్టుకున్న తీరు చూస్తే నాకు 1950ల హైదరాబాదు గుర్తొస్తుంది. ఇప్పుడు ముందు గ్రూపులు, పాయింట్ల లెక్కలు, ఆ తర్వాతే నాకౌట్. జట్లు ఇరవై నాలుగయ్యాయి కాబట్టి తప్పదంటారు. నాకు మాత్రం ఒక్క ఓటమితో ఇంటికి పంపే పాత పద్ధతే బాగుంటుంది. ముసలి బుద్ధి అనుకోండి.

2022లోనే హైదరాబాద్ ఎఫ్‌సీ సెమీఫైనల్ దాకా వచ్చి బెంగళూరు చేతిలో ఒక్క గోల్‌తో ఓడింది. రహీం సాబ్ మీద 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వస్తే తెలుగువాళ్లు కూడా చూసి కళ్లు తుడుచుకున్నారు. సంతోషమే. నా మీద హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల పేర్లు కలిపి 1950, 1954, 1957, 1961 సంవత్సరాల పక్కన నాలుగుసార్లు ఉన్నాయి. ఐదోసారి తెలుగు ప్రాంతపు పేరు చెక్కాలంటే పిల్లలు బంతి తన్నడానికి ముందు చోటుండాలి. మీ బస్తీలో మైదానం ఇంకా మిగిలి ఉంటే, దాన్ని ఫంక్షన్ హాలుకు ఇవ్వకండి.