క్యూ మీట కాపురం చక్కదిద్దాలని బెర్లిన్ పెద్దలకు బహిరంగ లేఖ

జర్మన్ కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో తీర్మానించే జర్మన్ ప్రమాణాల సంస్థ డిన్‌లోని బెర్లిన్ పెద్దల సముఖానికి, మ్యూనిక్‌లో కోడు రాసుకు బతుకుతున్న ఒక తెలుగువాడి విన్నపం.

అయ్యా,

వై, జెడ్ తారుమారు గురించి కాదు ఈ లేఖ. మీ భాషలో జెడ్‌కు పని ఎక్కువ, వైకి తక్కువ. అందుకని జెడ్‌ను నడిమికి తెచ్చి వైని మూలకు తోశారు. న్యాయమే. కొన్నాళ్లకు వేళ్లే సర్దుకుంటాయి.

నా మొర క్యూ మీట గురించి. విండోస్‌లో జర్మన్ అమరిక పెట్టుకుని, స్పేస్‌బార్‌కు కుడిపక్కనున్న ఆల్ట్ జీఆర్ నొక్కిపట్టి క్యూ కొడితే ఎట్ ది రేట్ పడుతుంది. అదే మిషన్‌లో అమెరికన్ ఇంటర్నేషనల్ అమరికకు మారి అవే రెండు మీటలు నొక్కండి, నెత్తిన రెండు చుక్కలున్న ఏ వస్తుంది. సరే, ఇదీ అక్షరమే కదా అనుకుందాం. ఇక మాక్ ముందు కూర్చున్నప్పుడు, అలవాటు పడ్డ బొటనవేలు అలవాటైన చోటికే పోతుంది. అక్కడ ఉండేది కమాండ్ మీట. కమాండ్‌తో క్యూ అంటే అప్లికేషన్ మూసెయ్యమని ఆజ్ఞ! మాక్‌లో జర్మన్ ఎట్ ది రేట్ ఎల్ మీట మీద ఉంటుంది, ఆప్షన్ నొక్కి తీసుకోవాలి. ఈమెయిల్ అడ్రసు రాయబోయి ప్రోగ్రామునే పోగొట్టుకునే సౌకర్యం మరే గుర్తుకూ లేదు.

ఫ్లవర్ బ్రాకెట్ల సంగతీ అంతే. విండోస్‌లో, లినక్స్‌లో ఆల్ట్ జీఆర్‌తో 7 నొక్కితే అది తెరుచుకుంటుంది, 0 నొక్కితే మూసుకుంటుంది. మధ్యలో 8, 9 మీద స్క్వేర్ బ్రాకెట్లు. మాక్‌లో ఆప్షన్‌తో అదే 8, 9 నొక్కితే ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. స్క్వేర్ బ్రాకెట్లు 5, 6 మీదికి పోయాయి. పైగా మాక్ మీటల మీద ఇవేవీ అచ్చు వేయరు. తెలిసినవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

ఈ తగువు పాతదేనని తెలుసు. ఏడు బిట్ల కాలంలో గుర్తులకు ఉన్న చోటే 128. మీ డిన్ 66003 ప్రమాణం చుక్కల అక్షరాలను అమెరికన్ బ్రాకెట్ల స్థానంలో కూర్చోబెట్టింది. దాంతో సీ భాషలో రాసిన ప్రోగ్రాము జర్మన్ తెరమీద ఫ్లవర్ బ్రాకెట్‌కు బదులు చుక్కల ఏతో మొదలయ్యేది. 1989 సీ ప్రమాణం రెండు ప్రశ్నార్థకాలూ ఒక చిన్నది గుర్తూ కలిపి కొడితే ఫ్లవర్ బ్రాకెట్‌గా చెల్లుతుందని రాజీ కుదిర్చింది. యూనికోడ్ వచ్చాక మెమరీలో ఎవరి ఇల్లు వాళ్లకు దొరికింది. కీబోర్డు మీద మాత్రం అమెరికన్ స్క్వేర్ బ్రాకెట్ మీట మీద ఈరోజుకీ చుక్కల యూనే కూర్చుంది.

అసలు కీబోర్డుకు అక్షరజ్ఞానం లేదు. ఫలానా చోటి మీట నొక్కారని ఒక నంబరు పంపుతుంది, అంతే. దానికి ఏ అక్షరమో చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్ కూడా జర్మన్ అమరిక పెడితే జర్మనే కొడుతుంది, మీటల మీద రాత ఏదైనా సరే. పాస్‌వర్డు పెట్టెలో ఈ నాటకం రక్తి కడుతుంది: పడేవన్నీ చుక్కలే కాబట్టి వై పడిందో జెడ్ పడిందో బ్రహ్మకే ఎరుక.

మా వైపు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఒకటుంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఖాయం చేసింది. తెలుగు క అయినా హిందీ క అయినా కె మీటే. మేం దాన్ని పెద్దగా వాడం లెండి, ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి తెలుగు రాబట్టుకుంటాం. అయినా ఒకే అక్షరానికి ఒకే చోటు కుదురుతుందని మీకు చూపించడానికి పనికొస్తుంది.

కాబట్టి నా కోరిక: డిన్ 2137 అనే మీ ప్రమాణపత్రాన్ని కంపెనీల పెద్దల ముందు పెట్టి, ఎట్ ది రేట్‌కు, బ్రాకెట్లకు అన్ని సిస్టముల్లో ఒకే చోటు ఒప్పించండి. అది కుదరకపోతే మాక్ మీటల మీద బ్రాకెట్లనైనా అచ్చు వేయించండి. పాస్‌వర్డు పెట్టె పక్కన ఇప్పుడు నడుస్తున్న అమరిక పేరు పెద్ద అక్షరాల్లో చూపించమనండి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: మీ ఎస్సెట్ (ß) అక్షరపు పెద్ద రూపాన్ని 2017 జూన్‌లో అధికారిక వర్ణక్రమంలో చేర్చుకున్నారు, సంతోషం. విండోస్‌లో అది రావాలంటే ఆల్ట్ జీఆర్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎస్సెట్ మీట నొక్కాలి. ఆ మీట మీద ఇప్పటికే చిన్న ఎస్సెట్, ప్రశ్నార్థకం, బ్యాక్‌స్లాష్ కాపురముంటున్నాయి. నాలుగోదాని పేరు కూడా అక్కడే రాయిస్తారా, లేక ఇదీ అడిగి తెలుసుకోవాల్సిందేనా?