మత్తుకు మేకప్పు, చికిత్సకు కత్తెర

ఏం కావాలండీ మీకు? మాత్ర పడితే తప్ప మెదడు కదలని మేధావి కావాలా? కన్నీళ్లతోపాటు చెంపల మీద తళుకులూ జారే పదిహేడేళ్ల పిల్ల కావాలా? లేదంటే ఒక సీన్లో వచ్చి, మరో సీన్లో పోయే బక్కప్రాణి కావాలా? అన్నీ ఉన్నాయి. హెచ్‌డీలో ఉన్నాయి. డాల్బీ సౌండుతో ఉన్నాయి. ఒక్క రకం మాత్రం అడక్కండి. పొద్దున్నే డీ-అడిక్షన్ సెంటర్లో లైను కట్టి, నర్సు కళ్లముందే నాలుక కింద మాత్ర కరిగించుకుని, అట్నుంచటే పనికి పోయే మనిషి. నెలల తరబడి అదే లైను, అదే మాత్ర, అదే నర్సు. ఆ సరుకు టీవీవాళ్ల దగ్గర దొరకదు. అందులో ట్విస్టేదీ? బ్యాంగేదీ?

ముందు మేధావి గారిని పిలుద్దాం. అమెరికా సిరీస్ ‘హౌస్’ 2004 నుంచి 2012 దాకా ఎనిమిది సీజన్లు నడిచింది. డాక్టర్ హౌస్‌కి కాలునొప్పి. దానికి వైకోడిన్ అనే, వ్యసనం పట్టించే నొప్పిమాత్ర. ఆ మాత్రల్ని ఆయన వేయించిన సెనగల్లా నోట్లోకి ఎగరేసుకుంటాడు. ఎవరికీ అంతుబట్టని జబ్బు ఆయనకొక్కడికే అంతుబడుతుంది. తోటి డాక్టర్లు నోరెళ్లబెడతారు. మనమూ చూశాం, ముచ్చటపడ్డాం. అదే మనిషి మన ఊరి ఆస్పత్రిలో, జేబులో డబ్బా గలగలలాడించుకుంటూ మన నాన్న మంచం దగ్గరికి రౌండ్స్‌కొస్తే? ‘అబ్బ, ఎంత లోతైన పాత్ర’ అంటామా? కేస్‌షీటు లాక్కుని పరుగెడతామా? ఆరో సీజన్ మొదట్లో ఆయన్ని మానసిక చికిత్సాలయంలో పెట్టారు. రెండు గంటల ఎపిసోడ్. బాగా తీశారు, కాదనను. అది అవగానే ఇంటికి పంపేశారు. పాపం, వాళ్ల కష్టం వాళ్లది. హీరోయే రోగిగా పడుకుంటే రోగుల్ని ఎవడు చూస్తాడు?

ఇక తళుకుల సంగతి. హెచ్‌బీవో ‘యుఫోరియా’ 2019లో మొదలైంది. రూ అనే అమ్మాయిగా నటించిన జెండాయాకి 2020లో ఓ ఎమ్మీ, 2022లో మరో ఎమ్మీ. నటనకే ఇచ్చారు, తప్పులేదు. సృష్టికర్త శామ్ లెవిన్సన్ కూడా కుర్రతనంలో ఈ గోతిలో పడి లేచినవాడే. ఆ మాట ఆయన దాచుకోలేదు. రెండో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో సరుకు దొరక్క ఒళ్లు విరిగిపోతున్న ఆ పిల్ల తలుపులు బద్దలుకొట్టి, తల్లినీ చెల్లినీ మాటలతో చీల్చి, వీధులవెంట పరుగెడుతుంది. ఆ గంట చూసినవాడికి సరదా పుట్టదు. మరి గొడవేమిటి? మిగతా గంటలు. ఊదారంగు వెలుతురు, గింగిరాలు తిరిగే కెమెరా. మొదటి ఎపిసోడ్‌లో మత్తెక్కే సీను కోసం ఏకంగా గుండ్రంగా తిరిగే వరండా సెట్టే కట్టారు! మత్తెక్కడానికి సెట్టు కట్టినవాళ్లు మత్తు మానడానికి ఏం కట్టారు?

ఆ మాటా చెబుతాను. 2020 డిసెంబరులో ఒక ప్రత్యేక ఎపిసోడ్ వచ్చింది. కొవిడ్ రోజులు. పార్టీ సీన్లకు జనాన్ని పోగేసే వీల్లేదు. దాంతో గత్యంతరం లేక ఒక హోటల్ బల్ల, దానికి చెరోవైపు ఇద్దరు మనుషులు. రూ ఒకవైపు. తానూ మత్తుకు బానిసై బయటపడ్డ అలీ అనే పెద్దాయన ఇంకోవైపు. గంటసేపు మాటలే. మానేశానని ఆమె ఎలా అబద్ధమాడుతోందో, అది అబద్ధమని ఆయనకు ఎలా తెలుసో, మళ్లీ జారిపడితే ఏం చేయాలో. నన్నడిగితే ఆ సిరీస్ మొత్తంలో నిజాయితీ గల గంట అదే. అంటే ఏమిటన్నమాట? వీళ్లు నిజం చెప్పాలంటే ప్రపంచానికి మహమ్మారి రావాలి!

‘యుఫోరియా మత్తును గొప్ప చేసి చూపిస్తోంది’ అని 2022 జనవరిలో అమెరికాలో ఒక సంస్థ మండిపడింది. దాని పేరు డేర్. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. బడిపిల్లలకు పోలీసుల చేత ‘డ్రగ్స్ వద్దు’ పాఠాలు చెప్పిస్తుంది. మరి ఈ పాఠాల వల్ల ఒరిగిందేమిటి? అంతకుముందు జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలను 2003లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం తిరగేసింది. పాఠం విన్న పిల్లలకూ విననివాళ్లకూ డ్రగ్స్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. గురివింద గింజ వచ్చి నలుపు గురించి క్లాసు పీకడమంటే ఇదే.

‘బ్రేకింగ్ బ్యాడ్’ మరీ ఘనం. 2008 నుంచి 2013 దాకా అయిదు సీజన్లు. మెథ్ అనే మత్తు సరుకు వండేవాడికి కథ ఉంది. వాడి పెళ్లానికి ఉంది, తోడల్లుడికి ఉంది, లాయరుకూ ఉంది. మరి కొనుక్కుని పీల్చేవాడికి? రెండో సీజన్లో ఒక జంట వస్తుంది. పాడైపోయిన పళ్లు, గాలికొదిలేసిన పసివాడు, దొంగిలించి తెచ్చిన ఏటీఎం మిషను. మొగుడి తల ఆ మిషను కిందే నలిగిపోతుంది. అక్కడితో వాళ్ల పాత్ర సమాప్తం. పోనీ, వండేవాడి జోడీ జెస్సీ రీహాబ్‌కి వెళ్లాడు కదా అంటారా? వెళ్లాడు. వచ్చాడు. వచ్చి, మత్తు మానేయాలని జనం కూర్చునే మీటింగుల్లోనే సరుకు అమ్మాలని స్నేహితులతో పథకం వేశాడు. చికిత్స కనబడింది, మార్కెట్టుగా!

ఇక ఆ సిరీస్‌లో మెథ్‌కున్న లోకప్రసిద్ధ నీలం రంగు. శుద్ధమైన మెథ్‌కి అసలు రంగే ఉండదు. నీలం తెర కోసం పులిమింది. అది ఎంత ముద్దొచ్చిందంటే, 2014లో అమెరికాలో టాయ్స్ ఆర్ అస్ అనే పిల్లల బొమ్మల దుకాణానికే ఎక్కింది. హీరో బొమ్మ, దానికి నోట్లకట్టల సంచి, ఒక నీలం పొట్లం. ఫ్లోరిడాలో ఒక తల్లి పిటిషన్ పెట్టి అల్లరి చేశాక గానీ అరల్లోంచి తీయలేదు. ఇంతకీ ఆ బొమ్మను పిల్లల షాపులో పెట్టొచ్చని సంతకం చేసిన పెద్దమనిషి ఏం పీల్చాడో!

సరిగ్గా తీసినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లకేం దక్కిందో కూడా వినండి. ‘ద వైర్’ 2002 నుంచి 2008 దాకా వచ్చింది. బాల్టిమోర్ వీధుల కథ. అందులో హెరాయిన్‌కు బానిసైన బబుల్స్. ఆ వేషంలో ఉన్న నటుడు ఆండ్రే రోయోను చూసి నిజమైన బానిసే అనుకుని, జాలిపడి ఓ మనిషి చేతిలో పొట్లం పెట్టిపోయాడట. అది తనకు దక్కిన ‘వీధి ఆస్కార్’ అని ఆయనే చెప్పుకున్నాడు. కథలో బబుల్స్‌కి చెల్లెలు ఇంటి కింది గదిలోనే చోటిస్తుంది. పై తలుపుకి తాళం. ఎందుకు? నమ్మకం లేక. ఎన్నిసార్లు నమ్మి మునిగిందో ఆమెకే తెలుసు. చివర్లో ఆ తలుపు దాటి పైకొచ్చి భోజనం బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆ కాసిని మెట్లెక్కడానికి అయిదు సీజన్లు పట్టింది. అంత నింపాదిగా, అంత నిజంగా తీసిన సిరీస్‌కి ఎన్ని ఎమ్మీలొచ్చాయనుకున్నారు? ఒక్కటీ రాలేదు.

నవ్వకండి, మన వంతూ వస్తోంది. మన డైలీ సీరియల్లో మత్తు అంటే జ్యూసులో కలిపే పొడి. కలిపేది ఆడపడుచు. తాగేది కోడలు. అది కాకపోతే చెడు సావాసం పట్టిన మరిది. అతనికి చికిత్స ఏమిటి? వదిన చేతి చెంపదెబ్బ ఒకటి, పూజగదిలో ఏడుపు ఒకటి, తల్లి మీద ఒట్టు ఒకటి. బుధవారం బానిస, శుక్రవారం బుద్ధిమంతుడు. డాక్టరు ఫీజు మిగిలింది!

రిమోట్ నొక్కి న్యూస్ పెట్టండి. అక్కడ మనిషే ఉండడు, ‘గంజాయి బ్యాచ్’ ఉంటుంది. మొహాలకు ముసుగులేసి వరసగా నిలబెడతారు. యాంకర్ గొంతు పైకప్పుకి తగులుతుంది. పబ్బులో దొరికిన పెద్దింటి బిడ్డకు మాత్రం కెరీర్ ఒత్తిడి, ఒంటరితనం, బ్రేకప్పు. బస్తీ కుర్రాడికి ఒత్తిడి ఉండదు కాబోలు. వాడికి ఉండేది బ్యాచ్ ఒక్కటే.

చూసేవాళ్లు ఏం నేర్చుకున్నారు? గదిలో పెట్టి గొళ్లెం వేస్తే నాలుగు రోజుల్లో దిగిపోతుందని. దెబ్బ పడితే దారికొస్తాడని. ఆ నమ్మకం మీదే బోర్డు తగిలించుకుని బతికే ప్రైవేటు కేంద్రాలున్నాయి. కొడుకుని అప్పగించి వెళ్లే తల్లిదండ్రులు లోపల గొలుసులున్నాయో మంచాలున్నాయో చూడరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టేయడాన్ని నిషేధించింది. ఇది ఏ సీరియల్‌ అయినా చెప్పిందా? మత్తుకు బానిసైనవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తిచేస్తే డ్రగ్స్ వాడిన కేసు నుంచి రక్షణ ఉందని మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ అంటోంది. ఇది ఏ యాంకరైనా అరిచాడా? ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని తేలింది. బజారులో లైసెన్సుతో అమ్మే సరుకు గతే ఇది. మిగతా 37 మంది మీద ఎవడైనా ఒక ఎపిసోడ్ రాశాడా?

సర్కారు ఊరుకుందా? ఊరుకుంటుందా! హీరో సిగరెట్ వెలిగిస్తే తెర మీద హెచ్చరిక పడాలి. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీకీ అదే రూలు. డ్రగ్స్‌ను ఆకర్షణీయంగా చూపొద్దని కేంద్రం 2024 డిసెంబరులో ఓటీటీలకు సలహా పంపింది. సలహా! అదే ఏడాది జులైలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇంకో మార్గం కనిపెట్టారు. టికెట్ రేట్లు పెంచుకోవాలంటే ముందు సినిమా తారలు డ్రగ్స్‌కి వ్యతిరేకంగా వీడియో చేసివ్వాలట. వీడియో ఇవ్వు, రేటు పట్టుకుపో. జనానికి అవగాహనా వస్తుంది, జేబుకి చిల్లూ పడుతుంది. ఒకే టికెట్ మీద రెండూ.

ఇక ఓటీటీల బాధ్యత చూడండి. మూలన బుల్లి అక్షరాలు: ‘16+, డ్రగ్స్, హింస, బూతులు’. అది హెచ్చరికా, మెనూ కార్డా? పదహారేళ్ల కుర్రాడు దాన్ని చూసి ఆపేస్తాడా, దాన్ని చూసే మొదలెడతాడా? కాస్త సిగ్గున్నవాళ్లు చివర్లో హెల్ప్‌లైన్ వివరాలు వేస్తారు. సరిగ్గా అప్పుడే ఆ తెర మూలకు ముడుచుకుపోయి, ‘తర్వాతి ఎపిసోడ్’ అంటూ అంకెలు వెనక్కి లెక్కపెడుతుంది. అయ్యా, మన దేశంలో ఆ హెల్ప్‌లైన్ నంబరు 14446. ఫోనుకు డబ్బులు పడవు. రాసుకోండి. వాళ్లెలాగూ టైమివ్వరు.