కమాను కట్ట సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలెడి పికప్ బండి ఒకటి లోడు పడగానే వెనక కుంగి, ముందు లైట్లు రోడ్డును వదలి చింతచెట్ల కొమ్మలను వెలిగించుచుండెను. ఓనరు షెడ్డుకు పోయి మొర పెట్టుకొనగా, మెకానిక్కు బండి కిందినుండి తల బయట పెట్టకయే ఇట్లనుచున్నాడు.

మూలము: "ఇంగా రెండు పట్టీలేపిచ్చుకో అన్నా, ఎంతైనా మోస్తాది."

ప్రతిపదార్థము: అన్నా = ఓ బండి ఓనరా (వయసుతో నిమిత్తము లేదు, బిల్లు కట్టువాడెవడైనను అన్నయే); ఇంగా = ఉన్నవి చాలవు గనుక; రెండు పట్టీలు = కమాను కట్టలో చేర్చదగిన ఉక్కు పట్టీలు రెంటిని; ఏపిచ్చుకో = నీ ఖర్చుతో వేయించుకొనుము; ఎంతైనా = దీని సంగతి కింద చూడుడు; మోస్తాది = మోయును.

తాత్పర్యము: పట్టీలు పెంచినచో బండి కుంగదు.

విశేషములు: పట్టీలు + ఏపిచ్చుకో, ఉత్వసంధి. ఇది నిత్యము. యూబోల్టు సంధి మాత్రము అనిత్యము. కట్ట లావెక్కినది గనుక పాత సెంటరు బోల్టు, పాత యూబోల్టులు పొట్టివగును. పొడుగువి వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినాక మరల బిగింపవలెను.

"రెండెందుకు, దళసరిది ఒక్కటేయ్" అని పాఠాంతరము కలదు. గ్రాహ్యము కాదు. మందము రెట్టింపైన పట్టీకి బిగువు ఎనిమిది రెట్లు. ఖాళీగా తిరిగి వచ్చునప్పుడు ఆ బండి గతుకు గతుకునా గుర్రమువలె ఎగురును. ఇందుకు నా నడుమే ప్రమాణము. కట్ట మీద హెల్పరు పట్టీలు వేయుట నా మతము. లోడుకు కట్ట కుంగినప్పుడే అవి తగులును, ఖాళీ బండిలో ఊరకుండును. ఇక శబ్దాలంకారమందురా, పట్టీల నడుమ తుప్పు చేరిననాడు ఊరంతకు వినబడును.

"ఎంతైనా" అనుట అతిశయోక్తి. పట్టీ మారినది గాని యాక్సిలు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. అంతకన్న సూక్ష్మమొకటున్నది. కొన్ని బండ్లలో వెనక యాక్సిలు దగ్గర ఒక వాల్వుండును. ఛాసీ ఎంత కుంగినదో చూచి, అంత బరువున్నదని ఎంచి, వెనక బ్రేకులకు ప్రెజరు వదలును. పట్టీలు పడినాక బండి కుంగదు గనుక, నిండు లోడు మీదనున్నను "ఖాళీ బండే గదా" అని అది నమ్మి, వెనక బ్రేకును సన్నగించును. పాపము, షెడ్డులో మనుషులందరికీ తెలిసినది దానికొక్కదానికే తెలియదు. పట్టీలు వేయించిననాడే దానిని సరిచేయింపవలెను. మూలమున ఈ మాట లేదు. అడిగినగాని మెకానిక్కు చెప్పడు.

పట్టీలెన్ని వేసినను ఆర్సీలోని బరువు మారదు. మోటారు వాహనాల చట్టము 194వ సెక్షను, 2019 సవరణ ప్రకారము అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్ను ఒక్కింటికి 2,000. ఎక్కువైన సరుకును రోడ్డుమీద దింపించిన ఖర్చు సయితము అన్నదే.