నూటొక్క నేతికుండలకు టెండరు

జలంధరులో జరిగిన 106వ భారత సైన్సు కాంగ్రెసులో, పిల్లలును యువ పరిశోధకులును చెవులొగ్గి వినుచుండగా, 2019 జనవరి 4వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నాటి ఉపాధ్యక్షులు, అనగా వైస్ ఛాన్సలరు, ఆచార్య జి. నాగేశ్వరరావు గారు సెలవిచ్చిన మాటలను పాఠకులు చదివియే యుందురు గనుక వానిని మరల వల్లించి విసిగింపను. గాంధారి కన్న నూర్గురును నూరు కుండలలో పెరిగిన టెస్ట్‌ట్యూబు శిశువులట. మూలకణ విజ్ఞానము వేలయేండ్ల నాడే మనకు కరతలామలకమట. డార్విను చెప్పినదానికంటె దశావతారముల క్రమమే మేలైన పరిణామ సిద్ధాంతమట. దేశమున కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. నాకు మాత్రము ముందుగా జాలి కలిగినది. ఆ జాలి చెప్పినవారి మీద కాదు. వైస్ ఛాన్సలరు నోట వెడలిన ప్రతి వాక్యమును సర్క్యులరుగా భావించి తలయొగ్గుటకు అలవాటుపడిన జీవశాస్త్ర శాఖల మీద.

రావణుని 24 రకముల విమానములను గూర్చియు, లంకలోని విమానాశ్రయములను గూర్చియు వారు చెప్పిన ముచ్చటను నేనిక్కడ ముట్టను. ఒకప్పుడు వాయుదూత్ దిగి, పిమ్మట దశాబ్దములుగా ప్రయాణికుల విమానమునకై ఎదురుచూచుచున్న రన్‌వే గల బసంత్‌నగర్ వాసిని గనుక ఆ విషయమున నా మాట కేవలము అసూయగా తోచవచ్చును.

సంక్రాంతి సెలవులు ముగిసి విశ్వవిద్యాలయముల తలుపులు తెరచుకొనగానే జీవశాస్త్ర శాఖాధ్యక్షులు చేయవలసిన మొదటి పని, రాబోవు కార్యక్రమముల పట్టికను ఈ నూతనమైన, కాదు, మిక్కిలి పురాతనమైన విజ్ఞానమునకు అనుగుణముగా తిరుగవ్రాయుట. మెండెలు బఠాణీలను గూర్చిన సెమినారు, డ్రాసోఫిలా ఈగల పెంపకము, ఉల్లివేరు కొనలలో క్రోమోసోముల పరిశీలన, ఇవి యన్నియు నేటితో రద్దు. అయితే మా ప్రాంతపు విశ్వవిద్యాలయములలో శాఖలు పార్ట్‌టైము, కాంట్రాక్టు అధ్యాపకుల భుజములపై నడచుచున్నవని ఎరుగనివారు లేరు. జీతము ఎప్పుడు వచ్చునో తెలియని మనిషిచేత ఇంతటి మహాకార్యము చేయించుట ధర్మము కాదు. కావున ఆ పట్టికను నేనే ఉచితముగా రచించిపెట్టెదను. ఏ విశ్వవిద్యాలయమువారైనను పైన తమ ముద్ర వేసికొని వాడుకొనవచ్చును.

ఫిబ్రవరి మాసమంతయు కొనుగోళ్లకే చాలును. ముందుగా కుండలకు టెండరు పిలువవలెను. ఇక్కడనే లెక్కలో ఒక చిక్కు వచ్చినది. ఉపన్యాసములో కుండలు నూరు. ఆదిపర్వము తెరచి చూచితినిగదా, వ్యాసులవారు గాంధారి ప్రసవించిన మాంసపిండమును చల్లని నీటితో తడిపి విభజించినవి నూరు కాదు, నూటొకటి. కడపటి కుండ దుస్సలది. తనకొక కూతురుండిన బాగుండునని గాంధారి మనసుపడగా ఆ తల్లికోరిక తీర్చిన కుండ అది. అంతటి పురాతన విజ్ఞానమును తవ్వి తీయుచు ఆడపిల్లను మాత్రము లెక్కలోనుండి జారవిడుచుట ఎట్లు జరిగెనో తెలియదు. ఆ ఒక్క భాగము మాత్రము ద్వాపరయుగపుది కాదు, అచ్చముగా నేటిదే. నేను టెండరులో నూటొకటి అనియే వ్రాసితిని. కాని నూటొకటవ కుండలో నున్నది ఆడపిల్లయని మూత తెరువక మునుపే చెప్పుట 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టము క్రింద నేరము గనుక, వ్యాసులవారి పేర జిల్లా వైద్యాధికారి నోటీసు రావచ్చును. దానికి జవాబు ముసాయిదాను రిజిస్ట్రారు కార్యాలయము సిద్ధముగా నుంచుకొనవలెను.

పిమ్మట ఆ కుండలు నింపుటకు నెయ్యి. కుండకు పది కిలోల చొప్పున వేయిన్ని పది కిలోలు; దానిపై జి.ఎస్.టి. రసాయనములు, గాజుసామానుల పద్దు క్రింద నేతిని కొనవచ్చునా యని ఆడిట్‌వారు తప్పక అడుగుదురు. నెయ్యి కల్తీలేనిదని ఎవరు ధ్రువీకరింపవలె ననునది మరియొక ప్రశ్న. ఉపాధ్యక్షులవారు స్వయముగా రసాయన శాస్త్రాచార్యులు గనుక ఆ పూచీ వారికే వదలుట ఉచితము. పొదుగుకాలము రెండేండ్లు. ప్రయోగశాలలో శీతలయంత్రము పనిచేయకున్నను, కరెంటు పోయినను, అటెండరు పోస్టు ఖాళీగా నున్నను ఈ ప్రయోగమునకు వచ్చు లోటు లేదు గనుక దీనికంటె మన విశ్వవిద్యాలయములకు తగిన పరిశోధన మరియొకటి లేదని నేను ఘంటాపథముగా చెప్పగలను. గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పదియేండ్లు పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి ఒకరికి ఈ పథకమంతయు వివరించితిని. ఆయన చుట్ట ఆర్పి ఒక్కటే అడిగెను: "అంత బాగనే ఉన్నది గని సారూ, రెండేండ్లకు పిల్లలు బయటికొచ్చినంక గా నెయ్యి ఏం జేస్తరు? పారబోస్తరా, క్యాంటీనుకిస్తరా?" ఈ ప్రశ్నకు ప్రాచీన గ్రంథములలో సమాధానము దొరకలేదు, ఇది పిహెచ్.డి. అంశముగా పనికివచ్చును.

మార్చి మాసమున నైతిక సంఘపు సమావేశము. మానవ పిండముపై ప్రయోగము చేయువారు తల్లి యొక్క అంగీకారపత్రమును, ఆమె చదివి అర్థము చేసికొనిన పిమ్మట, సంతకముతో తీసికొనవలెనని నిబంధన. గాంధారీదేవి కంటికి కట్టు కట్టుకొని యున్నది; పత్రము చదువుటకు కట్టు విప్పుమందుమా, ఆమె వ్రతభంగమునకు శాఖాధ్యక్షులు బాధ్యులగుదురు. సాక్షిగా భర్త చాలునందుమా, ఆయన సంగతి అందరెరిగినదే. ఇది ఎట్లో గట్టెక్కినదనుకొనుడు. అంతకంటె పెద్ద ఆటంకము వేరొకటి కలదు. భారత వైద్య పరిశోధన మండలివారు 2017లో వెలువరించిన మూలకణ పరిశోధనా మార్గదర్శకముల ప్రకారము మానవ పిండమును ప్రయోగశాలలో 14 దినములకు మించి పెంపరాదు. మన కుండలలో 730 దినములు. అనగా ఉపాధ్యక్షులవారి సిద్ధాంతమును నిజమని ఒప్పుకొనినచో కురువంశమును నిలిపిన వ్యాసులవారు మన చట్టము ముందు ముద్దాయి యగుదురు. ఒప్పుకొననిచో ఉపాధ్యక్షులవారు మనకు ముద్దాయి యగుదురు. ఈ ఇరువురిలో ఎవరిని కాపాడవలెనో పాలకమండలి తేల్చుకొనవలెను.

ఏప్రిల్‌లో జాతీయ సదస్సు: "పరిణామము – మత్స్యము నుండి మానవుని వరకు". చేప నీటిలో, తాబేలు నీటను నేలను, వరాహము నేలపై. చూచుటకు క్రమము ముచ్చటగా నున్నమాట నిజమే. అయితే 1859లో డార్విను వ్రాసిన పుస్తకము జంతువులను వరుసలో నిలువబెట్టిన పుస్తకము కాదు. ఒక తరము నుండి మరియొక తరమునకు స్వల్పభేదములు సంక్రమించుననియు, ఆ భేదములలో బ్రతుకుటకు తోడ్పడునవి నిలుచుననియు, ఆ నిలుచుటయే కాలక్రమమున క్రొత్త జాతులకు దారియనియు అతడు చెప్పెను; అతడు వ్రాసినది వంశముల కథ. దశావతారములలో మత్స్యము కూర్మమును కనలేదు, కూర్మము వరాహమును కనలేదు. వచ్చినవాడు ప్రతిమారును ఒక్కడే, వచ్చినది తన యిచ్చ చేతనే. భక్తునికి అది చాలును, చాలవలెను కూడ. జీవశాస్త్ర విద్యార్థికి అందులో సంక్రమణము లేదు, భేదము లేదు, మరణమును లేదు. మరణములేని పరిణామమును డార్విను ఎరుగడు.

ఈ సదస్సునకు ముందే వృక్షశాస్త్ర శాఖను మూసివేయవలసి యుండును. పది అవతారములలో ఒక్క చెట్టుగాని, గడ్డిపరకగాని లేదు. ఇది మా బొగ్గుబెల్టువారికి కొంత ఇబ్బందికరమైన సంగతి. మా క్రింద నున్నదంతయు చెట్లే. రామగుండము నేలలో ఇరువదియైదు కోట్ల యేండ్లకు పైబడిన పెర్మియన్ కాలపు చిత్తడియడవులు బొగ్గై పడియున్నవి. గ్లోసోప్టెరిస్ అను నాలుకవంటి ఆకుగల చెట్టు అచ్చులు అటువంటి బొగ్గుపొరల నడుమనున్న షేలు రాతిపై దొరకును. అదే ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, తుదకు అంటార్కిటికా మంచు నడుమ రాళ్లలోను దొరకుటచేత ఈ భూఖండములన్నియు ఒకనాడు ఒక్కటేయని పండితులు నమ్మిరి. ఆ మహాఖండమునకు గోండ్వానా యని మన గోండుల నేల పేరే నిలిచినది. ఇంతటి సాక్ష్యము మా బాయిలలోనుండి లారీలకొలది, వ్యాగనులకొలది ప్రతిదినము బయటికి వచ్చి ఎన్.టి.పి.సి. పొయ్యిలో మండుచున్నది. ఆ వెలుతురుతోనే, ఆ చెట్టు ఏ అవతారమునకు చెందినదో చెప్పని ఉపన్యాసములు టెలివిజనులో మా యింటికి వచ్చుచున్నవి.

జంతుశాస్త్రమువారును నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వేక్షణ శాఖవారు జురాసిక్ కాలపు బ్రహ్మాండమైన రాక్షసబల్లి యెముకలను త్రవ్వి తీసిరి. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణమైనది. నేడు దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులో నిలిచియున్నది. ఇది మత్స్యము కాదు, కూర్మము కాదు, వరాహమసలే కాదు. పదింటిలో దేనికిందకును రాదు. కావున మే మాసమున ఒక ఉపసంఘము హైదరాబాదు వెళ్లి, దానికి అవతారహోదా లేదను కారణముచేత, అది లేదని తీర్మానించి, టి.ఏ., డి.ఏ. తీసికొని తిరిగిరావలెను.

ఇక జూనులో ముగింపు కార్యక్రమము, కల్కి వారి ప్రత్యేకోపన్యాసము. తేదీ, వేళ పిదప తెలియజేయబడును.

ఇంతవరకు నవ్వితిని. నవ్వు ఇక్కడ ఆగిపోయినది. ఎందుకనగా టెస్ట్‌ట్యూబు శిశువు అను మాట మన దేశమున ఎగతాళికి తగినది కాదు. అది ఒక మనిషి ప్రాణము తీసిన మాట. 1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టినది. అటుపిమ్మట 70 దినములకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితముగా, దుర్గ యని లోకము పిలిచిన శిశువు పుట్టినది. అతడు పిండమును ఘనీభవింపజేసి, దాచి, మరల తల్లి గర్భమున ప్రవేశపెట్టెను. ఆనాటికి ప్రపంచమున మరెవ్వరును ఆ మార్గమున శిశువును చూపలేదు. అతనికి రాజవంశపు నేతికుండలు లేవు. స్వల్పమైన పరికరములు, తన నోటుపుస్తకములు మాత్రము కలవు. పశ్చిమబెంగాలు ప్రభుత్వము అతనికి దండ వేయలేదు, విచారణసంఘము వేసినది. ఈ శాస్త్రము ఎరుగనివారు అతనిని ప్రశ్నించి, అతని మాట నమ్మదగినది కాదని తేల్చిరి. జపానులో జరిగిన సదస్సునకు పోనీయలేదు. తుదకు 1981లో కంటిజబ్బుల సంస్థకు బదిలీ చేసిరి. ఆ జూను 19న అతడు ఆత్మహత్య చేసికొనెను. 1986లో బొంబాయిలో టెస్ట్‌ట్యూబు శిశువు పుట్టుకకు కారకులై, భారతదేశమున ఆ పని మొదట చేసినవారిగా కీర్తిగాంచిన టి.సి. ఆనందకుమార్, 1997లో ముఖోపాధ్యాయ కాగితములు చదివి, మొదటివాడు నేను కాదు, అతడే యని బహిరంగముగా ఒప్పుకొనెను.

నిజముగా చేసినవానిని నమ్మక చంపితిమి. చేయనివారికి, కథలోని వారికి, నేడు పేటెంటు వ్రాసిచ్చుచున్నాము. పూర్వుల గొప్ప అని పేరు పెట్టి మనము చేయుచున్నది పూర్వులకును అవమానమే; మహాభారతము వైద్యశాల రిజిస్టరు కాదు, అది అంతకంటె మిక్కిలి పెద్దది. ఇట్టి మాటలను ఎదిరించుటకు ఒకనాడు హైదరాబాదులో మనుషులుండిరి. కణ, అణు జీవశాస్త్ర కేంద్రము సీసీఎంబీని నిర్మించిన పుష్పమిత్ర భార్గవ, జ్యోతిషమును విశ్వవిద్యాలయములలో శాస్త్రముగా బోధింపబూనినప్పుడు 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మెట్లెక్కి ఓడెను, 2004లో సుప్రీంకోర్టులోను ఓడెను, అయినను నోరు మూసికొనలేదు. 2017లో ఆయన చనిపోయెను. ఆ ఖాళీయు భర్తీ కాలేదు.

బసంత్‌నగర్ సిమెంటు దుమ్ములోనుండి, ఖని కాలనీల క్వార్టర్లలోనుండి, బాయికి పోయి వచ్చిన తండ్రి జీతముతో మా పిల్లలు బీజడ్‌సీ చదివి, కరీంనగరునకో వరంగల్లునకో ఎమ్మెస్సీకి పోవుచున్నారు. ఒక్క సూక్ష్మదర్శిని ముందు ఎందరో వరుసగా నిలుచుండి, తమ వంతు వచ్చినప్పుడు ఒక కన్ను మూసి రెండవ కంటితో ఒక కణమును చూచి సంతోషించుచున్నారు. ఆ సూక్ష్మదర్శిని కొనుటకు డబ్బు లేదన్నవారు, ఆ పిల్లవానికి పాఠము చెప్పుటకు శాశ్వత అధ్యాపకుని నియమింపనివారు, నీవు చూచుటకేమున్నదిరా, అంతయు మన తాతలే చూచిరని చెప్పుట కేవలము అజ్ఞానము కాదు, అది మోసము.

1926లో స్థాపితమైన ఆ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. శాసనోల్లంఘన ఉద్యమముపై బ్రిటిషు ప్రభుత్వము జరిపిన దమనకాండకు నిరసనగా 1930లో వారు ఆ పదవికి రాజీనామా యిచ్చిరి. 2019 నాటి ఉపాధ్యక్షులవారు కుర్చీ విడువనక్కర లేకుండెను. ఏ పిల్లల ఎదుట ఆ మాట పలికిరో ఆ పిల్లలకు తెలియునట్లుగా మాట విడిచిన చాలియుండెను.