ఫోర్కు కప్పుల క్షయ వ్రతం

సైకిల్‌లో ఏది చెడినా ఊరందరికీ తెలిసిపోతుంది. ట్యూబు పంచరైతే తోసుకెళ్తున్న దారి పొడుగునా పలకరింపులే. చైను ఊడితే చేతులకంటిన మసి సాయంత్రం దాకా సాక్ష్యం చెబుతుంది. ఎవరి కంటా పడకుండా, చప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి నిష్ఠగా చెడగొట్టుకోదగ్గ భాగం మాత్రం ఒక్కటే ఉంది. హ్యాండిల్ తిరిగేచోట, ఫ్రేము ముందు గొట్టానికి పైనొకటి కిందొకటి ఉండే బేరింగులు. ఖరీదైన షాపుల్లో వీటిని హెడ్‌సెట్ అంటారు, వీధి చివరి షాపులో ఫోర్కు కప్పులు అంటారు. వీటిని క్షయింపజేసే వ్రతానికి పద్ధతంటూ ఒకటుంది. భక్తుల సౌకర్యార్థం సామగ్రి నుంచి ఉద్యాపన దాకా వివరిస్తున్నాను.

ముందు సామగ్రి. మామూలు సైకిల్ కప్పులో వేసేవి సాధారణంగా 5/32 అంగుళం బాల్సు. నాలుగు మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. విడిగా వేస్తే కప్పుకు పాతిక దాకా పడతాయి. మంచి బాల్సు క్రోమ్ ఉక్కువి: సుమారు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం, రాక్‌వెల్ సి కొలమానం మీద 60 దాటిన గట్టిదనం. ఆకురాయి పెట్టి రుద్దితే ఆకురాయే జారిపోతుంది. అలాంటివే కొనండి, వ్రతానికి అడ్డేమీ కాదు. చూసి ఎంచుకోవలసింది కప్పుల్ని. చవక కప్పు అంటే మెత్తటి ఉక్కు రేకును అచ్చులో నొక్కి, పైపొరను మాత్రమే గట్టిపరిచి, మీద మెరుపు పూత పూసినది. ఆ పైపొర ఉన్నంతకాలం ఏ బాధా లేదు. అది అరిగిందా, కింద మిగిలేది మేకులు చేసుకునే ఉక్కు. గట్టి బాల్సుకూ మెత్తటి కప్పుకూ తాంబూలాలు మార్పించగలిగితే సగం వ్రతం అయిపోయినట్లే. అందుకే షాపతను “కప్పులు కూడా మారుద్దామా సార్?” అని అడిగితే తొణక్కండి. “ఎందుకన్నా, బాల్సు వేసెయ్ చాలు” అనండి.

బాల్సులో కూడా ఒక సూక్ష్మం. పాతవాటిలో మూడు నాలుగు కాలవలో పడిపోతాయి, పడక మానవు. వాటి బదులు కొత్తవి మూడు నాలుగు తెచ్చి పాతవాటితో కలిపెయ్యండి. కంటికి అన్నీ ఒకటే. కాని అరిగిన వాటికన్నా కొత్తవి ఆవగింజలో వందో వంతు లావుంటాయి, అది చాలు. మీ బరువు, బియ్యం మూట బరువు, అన్నీ ఆ నాలుగే మోస్తాయి. మిగతావి ఊరికే ఊరేగుతాయి.

కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లవాళ్లకు ఎవరో ఒకరు స్టెయిన్‌లెస్ బాల్సు గురించి చెప్పే ఉంటారు. 440సి అనే రకంలో క్రోమియం 17 శాతం దాకా ఉంటుంది. గట్టిదనంలో క్రోమ్ ఉక్కుకన్నా ఒక మెట్టు దిగువే, కాని తుప్పు అంత తేలిగ్గా దగ్గరికి రాదు. సముద్రం పక్కన ఇది తెలివైన బేరం. కనక మనకొద్దు.

డబ్బున్న భక్తులకు సిరామిక్ మార్గం ఉంది. సిలికాన్ నైట్రైడ్ బాల్సు ఉక్కులో సగం బరువు కూడా తూగవు, గట్టిదనంలో ఉక్కును చాలా దూరం దాటేస్తాయి, తుప్పు మాటే వాటికి తెలియదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే యంత్రాల్లో వాటి గౌరవం వాటికుంది. మన హ్యాండిల్ మాత్రం రోజంతా తొక్కినా, మలుపుల్ని పక్కనపెడితే, అటు కొద్ది డిగ్రీలు, ఇటు కొద్ది డిగ్రీలు. తిరగనిచోట రాపిడి తగ్గించడానికి పెట్టే ఖర్చును దానధర్మాల పద్దులో రాసుకోవాలి. పైగా బాలు సిరామిక్‌దైనా అది కూర్చునే గాడి ఉక్కుదే. గుంటలు పడేది గాడిలో. బిల్లు చూపించి నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికైతే మాత్రం సిరామిక్‌ను మించింది లేదు.

ఇక అసలు రహస్యానికి వద్దాం. బేరింగు తిరిగి తిరిగి అరుగుతుందని మనందరి నమ్మకం. ఫోర్కు కప్పులు తిరగక చస్తాయి. చక్రం ఇరుసులో బాల్సు దొర్లుతూ, ప్రతి చుట్టుకూ కాస్త గ్రీజును తమ కిందికి లాక్కుంటూ ఉంటాయి. హ్యాండిల్ దగ్గరి బాల్సుకు ఆ యోగం లేదు. తిన్నటి రోడ్డు మీద ప్రతి బాలూ గంటల తరబడి ఒకేచోట కూర్చుంటుంది. బరువుకు దాని కింది గ్రీజు పక్కకు తప్పుకుంటుంది. రోడ్డు అదురుకు ఫోర్కు ముందుకూ వెనక్కూ కంటికి కనపడనంతగా వంగి లేస్తుంటే, బాలు దొర్లదు, ఉన్నచోటే రుద్దుకుంటుంది. ఉక్కుకు ఉక్కు నేరుగా తగిలి, రేణువంత మేర అతుక్కుని, మళ్లీ చిరుగుతుంది. రాలిన పొడి ఎర్రటి తుప్పుగా మారి తనవంతు అరగదీత మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు కప్పు విప్పి చూస్తే బాలుకొక గుంట చొప్పున, ఎవరో కొలిచి పెట్టినట్టు, వరసగా. ఎక్కువగా కింది కప్పులోనే. రోడ్డు నుంచి వచ్చే బరువంతా మోసేది అదే.

దీని వెనక పాత కథ ఉంది. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లను రైళ్లకెక్కించి దూరప్రాంతాలకు పంపేవారు. దించి చూస్తే, రోడ్డు ముఖం చూడని ఆ కార్ల చక్రాల బేరింగుల్లో గుంటలు! చక్రాలు తిరగలేదు, కింద రైలు అదిరింది, అంతే. జనరల్ మోటార్స్ ఇంజనీరు జాన్ ఆల్మెన్ 1937లో దీని మీద రాశాడు. అంతకు ముందే, 1900లో, స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ లోహాల గట్టిదనం కొలవడానికి 10 మిల్లీమీటర్ల ఉక్కు బాలును 3,000 కిలోల బలంతో నొక్కి, పడిన గుంటను కొలిచే పద్ధతి పెట్టాడు. రైలెక్కిన కార్ల గుంటలు చూపుకు అచ్చం అలాంటివే, కాని ఏ బరువూ నొక్కి చేసినవి కావు. అందుకని వాటికి దొంగ బ్రినెల్ గుంటలని పేరుపడింది. పాపం బ్రినెల్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు.

ఈ కథ విన్నాక కూడా వ్రతభంగం కాకుండా ఉండాలంటే రోజూ పఠించవలసిన మంత్రం ఒకటుంది: “అంతా రోడ్డు మీది గోతుల వల్లే.” గోతిలో పడ్డప్పుడల్లా బాల్సు సుత్తిలా కొట్టి కప్పుల్ని సొట్టలు పెడుతున్నాయని గట్టిగా నమ్మండి. ‘ది బైసికిల్ వీల్’ పుస్తకం రాసిన అమెరికన్ ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ లాంటివాళ్లు ఈ నమ్మకాన్ని ఏళ్ల తరబడి ఖండించారు. అదే గోతి దెబ్బ ముందు చక్రం ఇరుసుకూ తగులుతుంది కదా, అక్కడ పక్కకు పది బాల్సే ఉన్నా ఇలాంటి వరస గుంటలు పడవేం? అవి దొర్లుతున్నాయి కాబట్టి. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్లతో సైకిల్ సహవాసం మానుకోవాలి. గోతుల్ని తిడితే గ్రీజు గురించి ఆలోచించే పని తప్పుతుంది. ఆ సుఖం ఊరికే వదులుకోకండి.

గ్రీజంటారా, వ్రతకాలంలో అది నిషిద్ధం. హ్యాండిల్ బిగుసుకున్నట్టుంటే కొబ్బరినూనె పొయ్యండి. పైనుంచి పోస్తే సందుల్లోంచి దిగి, మిగిలి ఉన్న కాస్త గ్రీజునూ పల్చబరిచి కిందికి కార్చేస్తుంది, ఫోర్కు కూడా నిగనిగలాడుతుంది. కిరసనాయిలు ఇంకా శ్రేష్ఠం. కడగడానికి కిరసనాయిలు వాడి, పూర్తిగా తుడిచి, ఆరాక గ్రీజు దట్టంగా పెట్టడం మంచి మేస్త్రీల పద్ధతి. మీరు తుడవకండి, తడి మీదే రాసెయ్యండి. బైకుల వాషింగు సెంటర్లో నీళ్ల గన్ను పట్టుకున్న కుర్రాణ్ణి హ్యాండిల్ కింద సరిగ్గా ఆ సందులోకే కొట్టమనండి. ముందు చక్రం వానాకాలమంతా కింది కప్పు మీద చిమ్మే బురద చాలదా అంటే, చాలదు. బురదకు ఆ పీడనం రాదు.

బిగింపు దగ్గర భక్తి పూర్తిగా బయటపడాలి. తెలిసినవాళ్లు పై కోనును చేత్తో బిగించి, రవ్వ వెనక్కి తిప్పి, లాక్‌నట్టును మాత్రం పానతో పట్టేసి, మళ్లీ హ్యాండిల్ తిప్పి చూస్తారు. అంత సేపు ఎవరికుంది? పాన మీద కాలు పెట్టి తొక్కండి. బాల్సు మీద ఊపిరాడనంత బరువు పడి, సందులోని గ్రీజు మొదటి రోజే బయటికొస్తుంది. రెండో మార్గం దీనికి పూర్తి వ్యతిరేకం, వదులుగా వదిలేయడం. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టక్ టక్ మంటుంది. అది విని “పాత సైకిల్ కదా, కీళ్లనొప్పులు” అని నవ్వేయండి.

పంజరం రేకులో కూర్చోబెట్టిన బాల్సు వాడేవాళ్లకు అదనపు సౌకర్యం, ఆ రేకును తలకిందులుగా పెట్టవచ్చు. బాల్సు బదులు రేకే కప్పును గీరుతుంది. ఎంత బిగించినా సర్దుకోదు, ఎంత వదిలినా కుదరదు. కొత్తరకం కార్ట్రిడ్జి బేరింగుల భక్తులు తమకు వేరే దారి లేదని దిగులుపడనక్కర్లేదు. వాటి అంచు మీద 36 అనో 45 అనో డిగ్రీలు చెక్కి ఉంటాయి. చూడకుండా కొని బిగిస్తే, వాలు కలవక అంచు మాత్రమే ఆనుతుంది. మంచి కార్ట్రిడ్జిని సరిగ్గా కూర్చోబెడితే ఫోర్కు వంగినప్పుడు బేరింగు మొత్తం తన పీఠంలో సర్దుకుంటుంది, లోపలి బాల్సుకు ఆ రాపిడి దక్కదు. అంటే అది వ్రతానికి బద్ధశత్రువు.

తొక్కేచోటు కూడా ఎంచుకోవాలి. సందులూ మలుపులూ వద్దు, హ్యాండిల్ తిప్పవలసి వస్తుంది, తిరిగితే గ్రీజు మళ్లీ బాల్సు కిందికి చేరే ప్రమాదముంది. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాకు లాంటిదైతే నీడపట్టున, తిన్నగా, బాలు బాలుకూ కదలని ఆసనం వేసి కూర్చోబెట్టవచ్చు.

విఘ్నాలు రాకపోవు. పాత తరం మేస్త్రీ చేతిలో పడ్డారా, ఆయన పంజరాన్ని తీసిపారేసి విడి బాల్సు వేస్తాడు. అప్పుడు లెక్క మారుతుంది, బాల్సు పాత గుంటలకు ఎదురుగా పడవు. లేదా కింది కప్పును తట్టి తీసి కాస్త తిప్పి బిగిస్తాడు. రెండూ పాపం కప్పుకు కొత్త ఆయుష్షు పోసే పనులే. “ఓవరాయిలింగ్ చేయాలి సార్” అన్న మాట వినపడగానే సైకిలెక్కి వచ్చేయండి.

ఉద్యాపన రోజు ఎలా తెలుస్తుందంటారా? ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తి హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా నడుమకొచ్చేసరికి టక్కున గుంటలో పడి ఆగితే వ్రతం ఫలించినట్టే. సైకిల్ పడిపోకుండా ఉండేది తొక్కేవాడు ప్రతి క్షణం హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా సవరించుకుంటూ పోవడం వల్ల. ఆ సవరణకు గుంట అడ్డుపడితే బండి తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగుతుంటే ఇక వాయిదా వెయ్యకండి. పై కప్పు, కింది కప్పు, కోన్లు, బాల్సు అన్నీ కలిపి కొత్తవి వేయించుకోండి. గుంటలు పడ్డ కప్పులో ఒక్క బాల్సు మార్చి ప్రయోజనం లేదు.